రావట్లేదు అంటే ఏది రావట్లేదు?

మన హాస్టల్లో ఎక్కువగా వినపడే క్రియాపదం ఏదని ఎవరైనా లెక్క తీస్తే "రావట్లేదు"కి ఫస్ట్ ర్యాంకు ఖాయం. నీళ్ళు రావట్లేదు. వైఫై రావట్లేదు. అవుట్‌పుట్ రావట్లేదు. ఇంటి నుంచి డబ్బులు రావట్లేదు. మానిటర్ రావట్లేదు. మొదటి నాలుగింటితో నాకు పేచీ లేదు, నీళ్ళు రావట్లేదంటే అందరికీ ఒకటే అర్థమవుతుంది. చివరిదాని గురించే ఈ గోల అంతా.

మా ఫైనలియర్ ప్రాజెక్టు రొయ్యల చెరువుల మీద. మా టీమ్‌లో ఒకడి వాళ్ళ నాన్నకి భీమవరం పక్కన చెరువు ఉంది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ టైమ్‌కి ఏరియేటర్లు తిరగకపోతే పంట పోయినట్టే. మేం సెన్సర్ పెట్టి మూడు నెలలు రీడింగులు తీశాం. అవన్నీ నా లాప్‌టాప్‌లోనే. రివ్యూలో ఒక మానిటర్ మీద ఆక్సిజన్ గ్రాఫ్, ఇంకోదాని మీద అలారం స్క్రీన్, లాప్‌టాప్‌లో కోడ్ చూపించాలని ప్లాను. ఒక్క చిన్న స్క్రీన్ మీద ట్యాబులు మారుస్తూ కూర్చుంటే ఎక్స్‌టర్నల్‌కి చిరాకొస్తుందని గైడ్ సార్ ముందే చెప్పారు.

రివ్యూకి నాలుగు రోజుల ముందు, ఆదివారం, బిర్యానీ తిన్నాక, నేను ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ కొట్టాను. ఎందుకు అని అడక్కండి. కొత్త వెర్షన్ ఉంది, కొత్త వెర్షన్ ఉంది అని అది వారాల తరబడి అడుగుతోంది, ఆ మధ్యాహ్నం నాకు ఖాళీ దొరికింది. అంతకు మించి కారణం లేదు. రివ్యూకి నాలుగు రోజుల ముందు నడుస్తున్న మెషీన్‌ని ముట్టుకునేవాణ్ణి ఏమనాలో మీకు తెలుసు, మావాళ్ళు అదే అన్నారు.

సాయంత్రానికి అప్‌గ్రేడ్ అయిపోయింది. మానిటర్లు తగిలించాను. ఎడమవైపుది నల్లగా ఉంది. కుడివైపుది వచ్చింది గానీ అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. క్లాస్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: "అప్‌గ్రేడ్ చేశాక మానిటర్లు రావట్లేదు, ఎవరికైనా ఐడియా ఉందా?"

ఇరవై నిమిషాల్లో పదకొండు రిప్లయిలు. ఎనిమిది మంది ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టెయ్ మామా." ఒకడు నవ్వే బొమ్మ పెట్టాడు. ఒక సీనియర్ అన్న ఎక్కడో దొరికిన కమాండ్లు నాలుగు పంపాడు. ఒకమ్మాయి మాత్రం తిరిగి ప్రశ్న వేసింది: "ఏది రావట్లేదు?"

నిజం చెప్పాలంటే, ఆ పదకొండింట్లో నాకు కోపం తెప్పించింది ఆ ప్రశ్నే.

ఫార్మాట్ మాట దగ్గర కాసేపు ఆగుతాను, నాకు దానితో పాత లెక్క ఉంది. సెకండియర్‌లో సెమినార్ ఉండగా మా రూమ్మేట్ లాప్‌టాప్ ప్రొజెక్టర్‌కి రాలేదు. అంతకు రెండ్రోజుల ముందే వాడి విండోస్ అప్‌డేట్ అయింది. అప్పట్లో ఫ్లోర్ మొత్తానికి కంప్యూటర్ డాక్టర్ని నేనే. "అప్‌డేట్ వల్లే రా, డ్రైవర్ దొబ్బింది, ఫార్మాట్ కొడితే సరిపోతుంది" అని తేల్చేశాను. ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోమన్నాను. వాడు వేసుకున్నాడు. రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి, పార్టిషన్లు చూపించే స్క్రీన్ దగ్గర ఒకటికి రెండు డిలీట్ చేసేశాను. ఆ రెండోదాంట్లో వాళ్ళ నానమ్మ పాడిన నాట్ల పాటలున్నాయి. సంక్రాంతి సెలవుల్లో ఫోన్‌లో రికార్డు చేసి, లాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్ నిండిపోయిందని అక్కడ తీసేశాడు. మన పత్రికకే ఇద్దామనుకున్నాడు. ఆవిడ ఇప్పుడు మంచం మీద ఉన్నారు, మాటే కష్టం.

వాడు నన్ను ఏమీ అనలేదు. "పోన్లే రా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాతి వారం అదే సెమినార్ హాల్లో ఇంకొకడి లాప్‌టాప్ కూడా రాలేదు. అటెండర్ వచ్చి కేబుల్ మార్చాడు, వచ్చేసింది. అంటే నేను ఒక పాత కేబుల్ కోసం ఆ పాటలు చెరిపేశాను. కేబుల్ మార్చి చూడ్డానికి పట్టేది అర నిమిషం.

అందుకే ఈసారి, మూడు నెలల చెరువు రీడింగులు లోపల పెట్టుకుని, ఎనిమిది మంది ఫార్మాట్ అన్నా నా చెయ్యి రాలేదు. పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసుకుని, దాన్ని ఇంకో లాప్‌టాప్‌లో తెరిచి చూసి (తెరిచి చూడని కాపీని నేనిప్పుడు కాపీ అనను), అప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

తను అడిగినవి ఇవి. ఎడమ మానిటర్ "నో సిగ్నల్" అని రాసి చూపిస్తోందా, అసలు లైటే వెలగట్లేదా? డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో దాని పేరు కనిపిస్తోందా, లేదా? కుడిదాని రిజల్యూషన్ ఎంత? ఏది ఏ పోర్టుకి పెట్టావు? ఏ కేబుల్? "నిన్నటికీ ఇవాళ్టికీ అప్‌గ్రేడ్ కాకుండా ఇంకేం మారింది?"

ఏమీ మారలేదు అన్నాను. అది తప్పని రెండు గంటల తర్వాత తెలిసింది.

సమాధానాలు వెతుకుతుంటే ఒకటి అర్థమైంది. నావి రెండు "రావట్లేదు"లు. ఎడమది: మానిటర్‌కి కరెంటుంది, "నో సిగ్నల్" అంటోంది, సెట్టింగ్స్‌లో పేరే లేదు. అంటే లాప్‌టాప్‌కి అదొకటి ఉందనే తెలీదు. కుడిది: పేరు "తెలియని డిస్‌ప్లే" అని ఉంది, బొమ్మ 1024×768లో వస్తోంది. అంటే ఉందని తెలుసు, ఎవరో తెలీదు. ఒకటి కనిపించకపోవడం, ఇంకోటి గుర్తుపట్టకపోవడం. రెంటికీ కలిపి నేను గ్రూపులో రాసింది ఒకే మాట.

ముందు ఎడమది. అదే కేబుల్, అదే మానిటర్ పక్క రూమ్ వాడి లాప్‌టాప్‌కి పెడితే శుభ్రంగా వచ్చింది. కాబట్టి మానిటర్ మంచిదే, కేబుల్ మంచిదే, గొడవ నా మెషీన్ లోపల ఉంది. నా లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండు: ఇంటెల్‌ది ఒకటి, ఎన్‌విడియాది ఒకటి. లాప్‌టాప్ సొంత స్క్రీన్‌నీ టైప్-సీ పోర్టునీ ఇంటెల్ చూసుకుంటుంది. హెచ్‌డీఎంఐ పోర్టు వైరు మాత్రం నేరుగా ఎన్‌విడియా చిప్‌కి వెళ్తుంది. (అన్నిట్లో ఇలాగే ఉండదు, కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. మీది ఎలా ఉందో ఒకసారి తెలుసుకుని పెట్టుకోండి, ఊరికే పోదు.) అంటే ఎన్‌విడియా డ్రైవర్ లేవకపోతే, లాప్‌టాప్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది, హెచ్‌డీఎంఐ ఒక్కటే చచ్చిపోతుంది. పైగా ఎన్‌విడియా ప్యాకేజీ తనకి పోటీ అయిన నూవో డ్రైవర్‌ని ముందే అడ్డుకుని పెడుతుంది కాబట్టి ఆ చిప్‌ని నడిపేవాడు ఎవడూ మిగలడు.

ఎల్ఎస్‌పీసీఐకి కే ఆప్షన్ పెట్టి కొడితే అదే కనబడింది. ఎన్‌విడియా కార్డు లిస్టులో ఉంది, దాని కింద "వాడుకలో ఉన్న డ్రైవర్" అనే లైను లేదు. డ్రైవర్‌ని చేత్తో ఎక్కిద్దామని మోడ్‌ప్రోబ్ కొట్టాను. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంది. జవాబు మొత్తం ఆ ఒక్క లైన్లో ఉంది, చదవడమే తరువాయి.

సంగతేంటంటే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు కెర్నెల్ సంతకం లేని మాడ్యూల్‌ని లోపలికి రానివ్వదు. పాత సిస్టమ్‌లో నాకు ముందే సంతకం చేసి పంపిన మాడ్యూల్ ఉండేది. అప్‌గ్రేడ్ తర్వాత దాని బదులు నా లాప్‌టాప్‌లోనే కంపైల్ అయ్యే రకం వచ్చింది. దాని మీద సంతకం నా మెషీన్‌లో తయారైన కీతోనే పడుతుంది. ఆ కీని నమ్మొచ్చని ఫర్మ్‌వేర్‌కి మనం ఒకసారి చెప్పాలి. అందుకే అప్‌గ్రేడ్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్ ఒకటి వచ్చి, ఏదో ఒక కీ నొక్కు అని పది సెకన్లు ఎదురుచూస్తుంది. నొక్కి, ఎన్‌రోల్ అని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. నొక్కకపోతే అది మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్ళీ అడగదు.

ఆ పది సెకన్లలో నేను మెస్‌లో ఉన్నాను. ఆదివారం సాయంత్రం బజ్జీలు.

మోక్‌యూటిల్‌తో కీని మళ్ళీ ఇంపోర్ట్‌కి పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఈసారి కుర్చీలోంచి కదలకుండా కూర్చున్నాను. నీలం స్క్రీన్ వచ్చింది. ఎన్‌రోల్ నొక్కాను. లోపలికి వచ్చేసరికి ఎడమ మానిటర్ వెలుగుతోంది. మొత్తం పని నాలుగు నిమిషాలు. దాని దగ్గరికి చేరడానికే గంటన్నర పట్టింది.

సీనియర్ అన్న పంపిన కమాండ్లు ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే అర్థమైంది. అవి ఎక్స్‌ర్యాండ్‌ఆర్ కమాండ్లు, ఎక్స్11 కోసం పుట్టినవి. ఎన్‌విడియా లేవకపోయేసరికి నా సెషన్ ఇంటెల్ మీద వేలాండ్‌లో నడుస్తోంది. అక్కడ ఆ కమాండ్లు పనిచేయవు. అన్నది తప్పు మందు కాదు, వేరే జబ్బు మందు. నేను జబ్బు పేరు చెప్పకుండా మందు అడిగాను మరి.

ఇక కుడిది. లోలోపల నాకు ఇది కూడా అప్‌గ్రేడ్ పాపమే అని గట్టి నమ్మకం. ఇది పాత మానిటర్, వీజీఏ తప్ప ఇంకేమీ లేదు, టైప్-సీ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ మీద నడుస్తుంది. మానిటర్, కేబుల్, అడాప్టర్ మూడూ కలిపి పక్క రూమ్ వాడి విండోస్ లాప్‌టాప్‌కి పెట్టాను. అక్కడా 1024×768. వాడు అప్‌గ్రేడ్ చెయ్యలేదు. వాడిది అసలు ఉబుంటునే కాదు.

కేబుల్ ఊడదీసి టార్చి వేసి చూస్తే ఒక పిన్ను వంగి, పక్కకి పడుకుని ఉంది. పన్నెండోది. వీజీఏలో ఉన్న పదిహేను పిన్నుల్లో రంగులు మోసేవి వేరు, పరిచయాలు మోసేవి వేరు. ప్రతి మానిటర్‌లోనూ 128 బైట్ల చిన్న జాతకం ఒకటి ఉంటుంది, ఈడీఐడీ అంటారు. నేను ఫలానా కంపెనీ, ఫలానా మోడల్, ఇంత వెడల్పు, ఇంత ఎత్తు అని అందులో రాసుంటుంది. తగిలించగానే లాప్‌టాప్ దాన్ని చదువుతుంది. వీజీఏలో ఆ చదివే దారి 12, 15 పిన్నులు. అవి తెగితే బొమ్మ వెళ్తుంది గానీ పరిచయం జరగదు. ఎదుటివాడెవరో తెలీనప్పుడు లాప్‌టాప్ జాగ్రత్తపడి, ఎవరికైనా సరిపోయే చిన్న సైజు పంపిస్తుంది. గుమ్మడికాయ అక్షరాలు అలా వచ్చాయి.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం నా కేబుల్‌ని ఎవరో పట్టుకుపోతే ల్యాబ్ బీరువాలోంచి ఇంకోటి తెచ్చుకున్నాను. "ఇంకేం మారింది" అని తను అడిగితే నేను ఏమీ మారలేదన్నది దీన్ని మర్చిపోయే.

మనవాళ్ళు దీనికెప్పుడో పేరు పెట్టారు: కాకతాళీయం. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో పండు రాలింది. చూసినవాడు కాకే పండుని పడేసిందంటాడు. "అప్‌గ్రేడ్ చేశాక" అనే మాటని "అప్‌గ్రేడ్ వల్ల"గా మార్చేయడానికి మన బుర్రకి ఒక్క సెకను కూడా అక్కర్లేదు. నా రెండు మానిటర్లలో ఒకదాన్ని నిజంగానే కాకి పడేసింది. ఇంకోటి తనంతట తనే రాలింది. రెండూ ఒకే సాయంత్రం జరిగేసరికి రెంటినీ కాకి లెక్కలో వేశాను. ఫార్మాట్ కొట్టి ఉంటే ఎడమది బహుశా వచ్చేది, కుడిది చచ్చినా వచ్చేది కాదు. అప్పుడు నేనేం చేసేవాణ్ణి? ఇంకోసారి ఫార్మాట్.

ఇంకో రకం "రావట్లేదు" కూడా ఉంది. అందులో చెడిపోయింది ఏమీ ఉండదు, మనం అడిగిందే దానికి చేతకాదు. మా ఫ్లోర్‌లో ఒకడు ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి రెండు హెచ్‌డీఎంఐలున్న హబ్ కొని, రెండిట్లోనూ ఒకే బొమ్మ వస్తోందని వారం రోజులు కొత్త వెర్షన్‌ని తిట్టాడు. ఆ చిప్ బయటి మానిటర్ని ఒక్కదాన్నే నడుపుతుంది, 2020లో వచ్చినప్పట్నుంచీ అంతే. ఇంకొకడి టైప్-సీ పోర్టులో ఛార్జింగూ డేటా తప్ప వీడియో లేనే లేదు. ఆకారం ఒకటే అయినంత మాత్రాన అన్ని టైప్-సీలూ బొమ్మ పంపవు. వేరొకడి 4కే మానిటర్ 30 హెర్ట్జ్ దాటట్లేదు. ఇది లెక్క వేస్తే పోయేది: 3840×2160 పిక్సెల్స్, ఒక్కోదానికి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు, మొత్తం దాదాపు 12 గిగాబిట్లు. వాడి హబ్ నాలుగు లేన్లలో రెండు యూఎస్‌బీకి ఇచ్చేసి మిగతా రెండిట్లో బొమ్మ పంపుతుంది, డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఆ రెండు లేన్లలో పట్టేది 8.64. పన్నెండు గిన్నెల సాంబారు ఎనిమిది గిన్నెల క్యారియర్‌లో పట్టదు కదా. ఇవన్నీ మనం సెకండియర్ డిజిటల్ కమ్యూనికేషన్‌లో రాసి పాసైన లెక్కలే. సొంత టేబుల్ మీదకి వచ్చేసరికి "డ్రైవర్ ప్రాబ్లమ్ మామా" అంటాం.

ఇక్కడ మనల్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. నాలుగేళ్ళలో ఎన్ని ల్యాబులు చేశాం? ప్రతి రికార్డులోనూ చివరి లైను ఒకటే, రిజల్ట్ వెరిఫైడ్. కిట్ పనిచేయకపోతే "పక్క కిట్‌కి మారండి" అంటారు. ఆ కిట్ ఎందుకు పనిచేయట్లేదో కనుక్కోవడానికి మార్కులు లేవు, టైమూ లేదు. పాడైన వస్తువు ముందు గంట కూర్చోవడం మనకెవరూ నేర్పలేదు, పైగా అది సిగ్గుపడాల్సిన సంగతైనట్టు అలవాటు చేశారు. నాకే గనక అధికారం ఉంటే సెమిస్టర్‌కి ఒక ల్యాబ్‌లో కావాలనే ఒక వైరు తెంపి ఇస్తాను. అవుట్‌పుట్ రాకపోయినా సరే, ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిందో నాలుగు తెలుగు వాక్యాల్లో రాస్తే మార్కులు. తెలుగులోనే ఎందుకంటే, ఇంగ్లీషులో అయితే "నాట్ వర్కింగ్" అని రాసి తప్పించుకుంటాం. తెలుగులోనూ "రావట్లేదు" అని తప్పించుకోవచ్చనుకోండి. కానీ మన భాషలో దాని బదులు వాడుకోడానికి క్రియలకి కరువా? వెలగట్లేదు, కనిపించట్లేదు, గుర్తుపట్టట్లేదు, వచ్చి పోతోంది, మసగ్గా ఉంది, ఒకటే రెండుచోట్ల వస్తోంది, నిద్రలేచాక రావట్లేదు. ఒక్కొక్క క్రియ ఒక్కొక్క తలుపు. సరైన క్రియ దొరికిందంటే సగం వెతుకులాట అయిపోయినట్టే. కథలు రాసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మన క్లబ్బులో సగం మంది ఈసీఈ, సీఎస్ఈ వాళ్ళం, కథలో ఒక్క పదం కోసం గంట కొట్టుకుంటాం, మెషీన్ దగ్గర మాత్రం ఒక్క పదంతో సరిపెట్టేస్తాం.

ఫార్మాట్ ఎప్పుడూ కొట్టొద్దని కాదు. డిస్కే పాడైపోతుంటే, వైరస్ పట్టి ఏది నమ్మాలో తెలీకపోతే, లేదా పొద్దున్నే పరీక్ష ఉండి డేటా కాపీ చేతిలో ఉంటే, కొట్టుకోండి. నేనూ కొడతాను. రెండు గంటల్లో అయిపోయేదానికి రెండు రోజులు లాగడం గొప్పేం కాదని మా రూమ్మేట్ అంటాడు, అదీ నిజమే. (అవును, అదే రూమ్మేట్. ఇంకా నాతోనే ఉంటున్నాడు.) కాకపోతే ఫార్మాట్ అనేది జవాబు కాదు, ప్రశ్నని చెరిపేయడం. దేన్ని చెరుపుతున్నామో తెలిసి చెరపాలి. నాకు ఆ రాత్రి అది తెలీదు.

రివ్యూ బానే జరిగింది. ఎక్స్‌టర్నల్ సార్ మానిటర్ల వైపు పెద్దగా చూడలేదు, చెరువు గురించే అడిగారు, ఏరియేటర్ కరెంటు బిల్లు ఎంతొస్తుందని. రెండు స్క్రీన్లూ వెలుగుతూనే ఉన్నాయి పాపం.

పోయిన వారం జూనియర్ ఒకడు అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు: "అన్నా, అప్‌డేట్ చేశాక రెండో మానిటర్ రావట్లేదు." నేను టైప్ చేశాను: "ఏది రావట్లేదు తమ్ముడూ? నో సిగ్నల్ అంటోందా, సెట్టింగ్స్‌లో పేరు కనిపిస్తోందా? కేబుల్ మార్చి చూశావా?" రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వాడి స్టేటస్‌లో విండోస్ ఇన్‌స్టాల్ అవుతున్న ఫొటో కనిపించింది, 34 శాతం దగ్గర. "కాపీ తీసుకున్నావా?" అని అడిగాను. దానికింకా జవాబు రాలేదు.